శిలాన్వేషి రాబర్ట్ బ్రూస్ ఫుట్

మన ప్రాంతపు విద్యార్థులు విహారయాత్ర అనగానే బెలుం గుహల పేరు తలుస్తారు. కొలిమిగుండ్ల సమీపమున భూమి అడుగున మూడు కిలోమీటర్లకు పైగా వ్యాపించిన ఆ గుహలలో దిగి, నీటిచుక్కలు వేల సంవత్సరాలుగా మలచిన శిలారూపాలను చూచి అబ్బురపడి వస్తారు. ఆ గుహలను 1884లో శాస్త్రలోకం దృష్టికి తెచ్చిన వ్యక్తి ఎవరని అడిగితే మాత్రం మనలో చాలమంది సమాధానం చెప్పలేరు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారత ప్రాక్చరిత్రకు పితామహుడని పండితులు ఆయనను గౌరవిస్తారు. ఆ మహనీయుని జీవితాన్ని, ముఖ్యంగా మన నంద్యాల, ఆళ్లగడ్డ, బేతంచెర్ల ప్రాంతాలతో ఆయనకు గల సంబంధాన్ని మా శక్తి మేరకు ఇచట వివరింపదలచినాము. ఆయన జీవితమంతా రాళ్లను ఏరుటలో గడచింది. చివరకు ఆయన ఆ రాళ్లను అమ్మినారు కూడ. ఏరుట ఎట్లు, అమ్ముట ఎట్లు అను ఈ రెండు ప్రశ్నలకు ఆయన జీవితం ఇచ్చే సమాధానం నేటి యువతరానికి ఎంతో అవసరమని మా విశ్వాసం.

ఫుట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. 24 సంవత్సరాల వయస్సులో, అనగా 1858 డిసెంబరు చివర, భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ఉద్యోగిగా చేరి మద్రాసుకు వచ్చారు. అప్పటికి ఆ శాఖ ఏర్పడి ఏడేండ్లే అయింది. దానికి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్. బొగ్గు ఎచట ఉన్నది, ఇనుము ఎచట ఉన్నది, ఏ శిల ఏ శిల క్రింద పరచుకొని యున్నది అని తెలిసికొని పటాలు గీయుట ఆ శాఖ పని. రైళ్లు, కర్మాగారాలు నడచుటకు కావలసిన సమాచారాన్ని ప్రభుత్వానికి అందించుట దాని పరమార్థం. ప్రాచీన మానవుని అన్వేషణ ఆ ఉద్యోగపు విధులలో లేదు. చలికాలంలో గుడారాలు వేసికొని ఊరూరా తిరుగుట, వానలు ప్రారంభం కాగానే మద్రాసుకు చేరి నివేదికలు వ్రాయుట, ఇదీ సర్వేక్షకుని వార్షిక జీవనం.

ఆ దినాలలో ఐరోపాలో ఒక గొప్ప వివాదం జరుగుచుండెడిది. ఫ్రాన్సు దేశంలో సోమ్ నదీలోయయందు గులకరాళ్ల పొరలలో బూషే ద పెర్త్ అను ఆయన చెకుముకి రాతి గొడ్డళ్లను సేకరించి, అవి అత్యంత ప్రాచీన మానవుని చేతిపనులని వాదించారు. చాలకాలం ఆయనను ఎవరూ నమ్మలేదు. 1859లో ఇంగ్లండు పండితులు ప్రెస్ట్‌విచ్, ఇవాన్స్ అచటికి వెళ్లి స్వయంగా పరీక్షించి, ఆయన మాట నిజమేనని అంగీకరించారు. ఆ వార్తలు మద్రాసులోని యువ భూగర్భ శాస్త్రజ్ఞుని చెవిని పడ్డాయి. సోమ్ నదీతీరమున దొరికినట్టివి పాలారు, కొర్తలయారు తీరాలలో ఎందుకు దొరకరాదని ఫుట్ ఆలోచించారు. ఆయన గొప్పతనమంతా ఈ చిన్న ప్రశ్నలో ఉన్నది.

1863 మే 30వ తేదీన, మద్రాసు నగరానికి సమీపమున గల పల్లవరంలో, కంకర కొరకు త్రవ్విన ఒక గుంటలో ఆయనకు ఒక రాయి కనిపించింది. చూచుటకు అది సామాన్యమైన క్వార్ట్జైట్ ముక్క. కాని దాని అంచులు తమంత తాము పగిలినవి కావని, ఒక చేయి ఉద్దేశపూర్వకంగా పెచ్చులు లేపి చెక్కినదని ఆయన గుర్తించారు. భారతదేశంలో గుర్తింపు పొందిన మొదటి ప్రాచీన శిలాయుగపు పనిముట్టు అదే. అదే సంవత్సరం సెప్టెంబరు 28న ఆయన తన సహోద్యోగి విలియం కింగ్‌తో కలసి అత్తిరంపాక్కం అను గ్రామం వద్ద వాగు ఒడ్డున మరెన్నో పనిముట్లను కనుగొన్నారు. ఒక్క రాయి దొరికితే అది యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. ఒకేచోట పెక్కు దొరికినప్పుడు త్రోసివేయుట కష్టం. 1866లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఆయన తన పరిశోధనను ప్రకటించారు. ఆ అత్తిరంపాక్కంలో శాంతి పప్పు బృందం జరిపిన త్రవ్వకాల వలన, అచటి పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో వెల్లడియైనది. ఫుట్ కాలాన ఇట్టి వయోనిర్ణయానికి సాధనాలు లేవు. అయినను ఆయన చూపిన చోటనే నేటి శాస్త్రజ్ఞులు త్రవ్వుచున్నారు.

ఇక మన ప్రాంతపు విషయానికి వస్తాము. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందేరు లోయ. ఈ లోయలోని రాళ్ల చరిత్రను మొట్టమొదట సమగ్రంగా వ్రాసినవారు ఫుట్ మిత్రుడైన విలియం కింగ్. కడప, కర్నూలు శిలాసముదాయాలపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1872లో వెలువడింది. కర్నూలు శిలాసముదాయంలోని పొరల పేర్లను వినినచో మన విద్యార్థులకు తమ బస్సు మార్గంలోని ఊళ్ల పట్టికను చదివినట్లుండును. అడుగున బనగానపల్లె క్వార్ట్జైట్, దానిపై నార్జి సున్నపురాయి, ఆపై ఔకు పలకరాయి, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటె పైన నంద్యాల పలకరాయి. ప్రపంచంలో ఏ మూలనున్న భూగర్భ శాస్త్రజ్ఞుడైనను ఈ శిలలను గూర్చి వ్రాయునపుడు మన ఊళ్ల పేర్లనే వ్రాయవలెను. మన పాఠ్యపుస్తకాలలో మన ఊళ్లు కానరావని చింతించే విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

ఆ నార్జి సున్నపురాళ్లలోనే బెలుం గుహలు ఉన్నవి. బేతంచెర్ల సమీపమున కొండలోయలో బిల్ల సుర్గం గుహలు కూడ అట్టివే. మన ప్రజలు వాటిని గవులని పిలుస్తారు. సున్నపురాయిని వాననీరు కొద్దికొద్దిగా కరగించగా ఈ గవులు ఏర్పడినవి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అను సైనికాధికారి బిల్ల సుర్గంలో ప్రాచీన జంతువుల ఎముకలు ఉన్నవని ప్రకటించారు. సుమారు 40 సంవత్సరాలు ఆ విషయాన్ని ఎవరూ పట్టించుకొనలేదు. ఐరోపాలో గుహల నుండి ఆదిమానవుని అవశేషాలు బయల్పడుచున్న కాలమది. ఇంగ్లండులోని సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ, మద్రాసు గవర్నరుగా నున్న గ్రాంట్ డఫ్‌కు కర్నూలు గుహలను పరిశోధింపజేయవలసినదిగా సూచించారు. ఆ బాధ్యత ఫుట్‌పై పడింది.

ఆయన వచ్చి గుహలను పరిశీలించి, 1884లో తొలి నివేదికను ప్రకటించారు. ఇతర విధుల వలన ఆయన ఇచటనే నిలచియుండుటకు వీలు కాలేదు. కావున త్రవ్వకాల బాధ్యతను ఆయన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్ స్వీకరించారు. హెన్రీ ఫిరంగిదళంలో అధికారి. తండ్రి మార్గదర్శకత్వంలో ఆ యువకుడు 1885 వరకు గుహలలోని మట్టిని పొరపొరగా తీయించారు. ఆ గుహలకు వారు శవశాల, ప్రక్షాళన లోకం, మహాదేవాలయం అను అర్థాలు వచ్చే ఆంగ్లనామాలు పెట్టారు. చీకటిలో దివిటీలు పట్టి, గబ్బిలాల దుర్గంధాన్ని భరించి, బుట్టలతో మట్టిని మోసి తెచ్చినవారు మన ప్రాంతపు కూలీలే. వారి పేర్లు గ్రంథాలకు ఎక్కలేదు. అయినను ఆ పరిశోధనలో వారి చెమట కలదని మనం మరువరాదు.

ఆ మట్టిలో దొరికినవి ఏమి? కోతులు, హైనాలు, పునుగుపిల్లులు, ముండ్లపందులు, దుప్పులు, ఆశ్చర్యకరంగా ఒక ఖడ్గమృగం! నేడు అస్సాము అడవులకు వెళ్లి చూడవలసిన జంతుజాతికి చెందిన మృగం ఒకప్పుడు ఎఱ్ఱమల కొండల క్రింద సంచరించినది. లైడెక్కర్ అను పండితుడు ఈ ఎముకలను పరిశీలించి 1886లో గ్రంథం ప్రకటించారు. ఆ ఖడ్గమృగానికి, ఒక పునుగుపిల్లికి మన కర్నూలు పేరునే జోడించి నామకరణం చేశారు. ఈ జంతువుల ఎముకలతో బాటు, మనుష్యుడు పదును పెట్టి వాడుకొన్నట్లు తోచిన ఎముక పనిముట్లు కూడ పెక్కు దొరికినవని ఫుట్ ప్రకటించారు. ఐరోపా గుహలలో మంచుయుగపు మానవుడు చేసికొన్నట్టి పనిముట్లను అవి పోలియున్నవని ఆయన అభిప్రాయపడ్డారు.

ఇచటనే ఈ కథలోని విషాదమున్నది. ఆ ఎముక పనిముట్లు తరువాతి కాలంలో కనబడకుండ పోయినవి. వాటిని మరల చేతబట్టి పరీక్షించే భాగ్యం తరువాతి పండితులకు కలుగలేదు. అందుచేత ఫుట్ చెప్పినది నిజమా, లేక ముండ్లపందులు కొరికిన ఎముకలను ఆయన పనిముట్లని భ్రమించినారా అను సందేహం దాదాపు 90 ఏండ్లు నిలచిపోయింది. 1970 దశకంలో ఎం. ఎల్. కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అను గుహలో త్రవ్వకాలు జరిపి, రాతి పనిముట్లతో బాటు ఎముక పనిముట్లను, నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాళ్లను కనుగొన్నారు. ఆ పొయ్యి సుమారు 17 వేల సంవత్సరాల నాటిదని తేలింది. ఫుట్ చూపు తప్పు కాదని అపుడు లోకం ఒప్పుకొన్నది. వస్తువు పోయినను నివేదిక మిగిలినది గనుకనే మరల వెదకుట సాధ్యమైనది. నివేదిక కూడ లేకయున్నచో ఆ సత్యం గుహలోనే సమాధియై యుండెడిది.

మనకు వజ్రాలన్నచో ఆసక్తి మెండు. తొలకరి వానలు కురియగానే జొన్నగిరి, తుగ్గలి పరిసరాల చేలలో వందలాది జనులు తలలు వంచి నేలను గాలించుట మనకు తెలిసిన దృశ్యమే. ఫుట్ కూడ ఈ వజ్రాల విషయంలో కృషి చేశారు. అనంతపురం మండలంలోని వజ్రకరూరులో ఒక విధమైన పలుగురాతి శిలలోనే వజ్రాలు పుట్టుచున్నవని షాపే అను ఫ్రెంచి దేశీయుడు ప్రకటించగా, ఫుట్ ఆ వాదాన్ని విమర్శించుచు 1889లో వ్యాసం ప్రకటించారు. వజ్రం దొరికిన చోటు వేరు, వజ్రం పుట్టిన చోటు వేరు కావచ్చును. వాన కొట్టుకొని తెచ్చిన రాయి పైన పడియున్నంత మాత్రమున క్రింది శిల దానికి తల్లి కాజాలదు. ఈ వివేకం ఆయనకు నిండుగా ఉండెడిది. వజ్రకరూరు వజ్రాలకు మూలం కింబర్లైట్ అను అగ్నిశిల అని తరువాతి పరిశోధనలు స్థిరపరచినవి.

బళ్లారి మండలంపై ఆయన రచించిన గ్రంథం 1895లో వెలువడింది. దక్షిణాపథపు ప్రాచీన శిలలలో ఒక సముదాయానికి ధార్వాడ అను పేరును స్థిరపరచినవారు ఆయనే. బళ్లారి ప్రాంతంలో బూడిద దిబ్బలు కలవు. అవి రాక్షసుల చితాభస్మమని జనులు చెప్పుకొనెడివారు. అగ్నిపర్వతాల బూడిద అని, ఇటుక బట్టీల శేషమని పండితులలో కొందరు తలచారు. ఫుట్ వాటిని పరీక్షించి, అవి నవీన శిలాయుగపు పశుపాలకులు దొడ్లలో పోగుచేసిన పేడ కాలగా ఏర్పడిన దిబ్బలని చెప్పారు. ఆయన మాటను చాలకాలం ఎవరూ లెక్కచేయలేదు. పాలమూరు మండలంలోని ఉట్నూరు దిబ్బను త్రవ్విన ఆల్చిన్ అను పండితుడు 1963లో ప్రకటించిన గ్రంథంతో ఫుట్ వాదమే నెగ్గింది. గొప్ప సత్యం పేడకుప్పలో కూడ ఉండవచ్చునని దీని వలన తెలియుచున్నది.

1891లో ఫుట్ ప్రభుత్వోద్యోగం నుండి విరమించారు. కాని రాళ్లను ఏరుట మానలేదు. బరోడా సంస్థానానికి భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1894లో ఏర్పడిన మైసూరు సంస్థానపు భూగర్భ శాఖకు ప్రథమాధిపతియై సేవ చేశారు. పిదప సేలం సమీపమున సేర్వరాయన్ కొండలపై గల ఏర్కాడులో స్థిరపడ్డారు. ఆ కొండలలో నునుపు చేసిన ప్రాచీన రాతి గొడ్డళ్లను జనులు దేవతా స్వరూపాలుగా భావించి గుడులలో ఉంచి పూజించుట ఆయన చూచారు. పిడుగుతో బాటు ఆకాశం నుండి పడినవని అనేక ప్రాంతాలలో నమ్మే రాళ్లు అవే.

ఆ నాటికి ఆయన వద్ద నలభై ఏండ్ల సేకరణ పోగుపడింది. దక్షిణ భారతం నుండి గుజరాతు వరకు 450కి పైగా స్థలాలలో ఏరిన రాతి పనిముట్లు, కుండ పెంకులు, పూసలు, శంఖపు గాజుల ముక్కలు అందులో ఉండెడివి. 1904లో ఆయన ఆ సేకరణను మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు విక్రయించారు. విద్వాంసుడు తన సంపదను అమ్ముకొనుట ఏమని కొందరికి తోచవచ్చును. మాకు మాత్రం అందులో దోషం కనిపించదు. ఆయన దానిని ముక్కలుగా విడదీసి అందమైనవి ఒకరికి, అరుదైనవి మరొకరికి అమ్మలేదు. ఒకే సేకరణగా, ఒకే చోట, అది దొరికిన దేశంలోనే ఒక ప్రజాసంస్థకు అప్పగించారు. అంతటితో చేతులు దులుపుకొనక, వృద్ధాప్యంలో కూడ ఆ వస్తువుల పట్టికను తయారు చేయుటకు శ్రమించారు. ఏ వస్తువు ఏ ఊరిలో, ఏ నది ఒడ్డున, ఎట్టి స్థితిలో దొరికినదో వ్రాశారు. ఆ పట్టిక 1914లోను, వాటి వయస్సు, వ్యాప్తులను గూర్చిన వివరణ 1916లోను ముద్రితమైనవి. కాని వాటిని అచ్చులో చూచుకొనుటకు ఆయన జీవించిలేరు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో, 78వ ఏట ఆయన కన్నుమూశారు. ఏర్కాడులోని క్రైస్తవాలయంలో ఆయన స్మారకచిహ్నం నేటికి కలదు.

ఆయన అభిప్రాయాలన్నియు నిలచినవని మేము చెప్పబోము. ప్రాచీన శిలాయుగానికి, నవీన శిలాయుగానికి నడుమ ఈ దేశంలో మానవుడు లేని దీర్ఘకాలం ఒకటి గడచినదని ఆయన నమ్మారు. ఆ నమ్మకం తప్పని తరువాత రుజువైనది. 1930లోనే కామియాడ్, బర్కిట్ అను వారు మన నల్లమల ప్రాంతపు పనిముట్లను పరిశీలించి, వాటిని నాలుగు వరుసలుగా విభజించి, ఆ నడుమ ఖాళీ లేదని చూపుటకు దారి తీశారు. అయితే ఆయన తప్పును దిద్దగల్గుటకు కారణమేమి? ఆయన దాచిన వస్తువులు, వ్రాసిన చోట్ల పేర్లు. తన తప్పును ఇతరులు దిద్దుటకు వీలుగా ఆధారాలను విడిచివెళ్లుట నిజమైన శాస్త్రజ్ఞుని లక్షణం.

ఇచట రాళ్ల వ్యాపారాన్ని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. లోకంలో ఖనిజాల నమూనాలను ఏరి అమ్మి జీవించేవారు, వాటిని కొని అద్దాల బీరువాలలో దాచుకొనేవారు పెక్కుమంది కలరు. ఫ్లోరైట్ అను ఖనిజమున్నది. ఊదా, ఆకుపచ్చ, పసుపు మున్నగు రంగులలో, ఘనాకారపు స్ఫటికాలుగా లభించే ఆ రాయి అన్నచో వారికి ప్రాణం. కర్మాగారంలో దానిని లోహాలను కరగించుటకు వాడుతారు, అచట దాని పుట్టిల్లు ఏదైనను ఒకటే. కాని సేకర్త చేతికి వచ్చునప్పటికి, అది ఏ గనిలో, ఏ ఊరిలో పుట్టినదో తెలుపు చీటీ వెంట లేనిచో దాని విలువ చాలవరకు పడిపోవును. చీటీ పోయిన స్ఫటికం కేవలం అందమైన రాయి. చీటీ ఉన్న స్ఫటికం ఒక సాక్షి. వర్తకుడు ధర కొరకు గుర్తించిన ఈ సత్యాన్నే ఫుట్ విద్య కొరకు పాటించారు. పల్లవరంలో దొరికిన ఆ క్వార్ట్జైట్ ముక్కను బజారులో ఎవరూ కొనరు. దానికి ఊరు, తేదీ, పొర తోడైనవి గనుక అది ఒక దేశ చరిత్రను లక్షల ఏండ్లు వెనుకకు జరిపింది.

మన ఆళ్లగడ్డ శిల్పుల సంగతి చూడుడు. అహోబిల క్షేత్రానికి దారియైన ఆ పట్టణంలో ఉలిచప్పుడు నేటికి వినబడుచునే యున్నది. ఆ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా రాతికి ఊరి పేరు చట్టరీత్యా జోడింపబడినది. అట్లు జోడింపబడిన పేరు వలన శిల్పి చేతి నేర్పునకు రక్షణ కలిగింది. ఊరి పేరు విలువను మన శిల్పులు ఎరుగుదురు. మరి వారికంటె వేల ఏండ్ల ముందు ఇదే నేలపై రాతిని చెక్కిన ఆ అజ్ఞాత శిల్పుల వస్తువులకు ఊరి పేరును కాపాడవలసినవారు ఎవరు?

ఈ ప్రశ్న ఊరకనే అడుగుట లేదు. బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురం పేరు నేడు ప్రపంచ ప్రసిద్ధం. సుమారు 74 వేల సంవత్సరాల క్రిందట సుమత్రా ద్వీపంలోని తోబా అగ్నిపర్వతం బ్రద్దలై ఎగజిమ్మిన బూడిద అచట పొరగా పేరుకొని యున్నది. ఆ పొరకు క్రిందను, పైనను మానవుల పనిముట్లు దొరికినవని 2007లో ప్రకటింపబడగా, అంతటి ఉత్పాతాన్ని తట్టుకొని మానవులు ఇచట బ్రతికినారా అను చర్చ లోకమంతట రేగింది. ఆ అపురూపమైన బూడిదనే త్రవ్వి, శుభ్రపరచు పొడులలో కలుపుటకు అమ్మివేసిన సంగతి వినినపుడు మా మనస్సు కలత చెందింది. త్రవ్విన బీదవానిని మేము నిందింపము. ఆ పొర ఏమిటో అతనికి చెప్పినవారు లేరు. బెలుం గుహల గతి కూడ ఒకప్పుడు అట్టిదే. 1988 వరకు అది చెత్త పారవేయు స్థలముగ నుండెడిది. శుభ్రపరచి, దీపాలు పెట్టి, దారి వేసిన పిదప దాని ఘనత మనకు తెలిసింది. బేతంచెర్ల నాపరాళ్లు ఎన్నో ఇండ్లకు నేలయై, ఎన్నో కుటుంబాలకు అన్నమై యున్నవి. రాయి తీయుట ఆపుడని ఎవరూ అనజాలరు. ఏ గవిని తాకరాదో, ఏ పొరను ముందుగా పరీక్షింపవలెనో తెలిసి తీయుట మాత్రం అవసరం.

2022లో నంద్యాల జిల్లా ఏర్పడింది. బిల్ల సుర్గం, బెలుం, జ్వాలాపురం మూడును ఈ జిల్లాలోనే చేరినవి. ఇంతటి నిధి ఉన్న జిల్లాలో విద్యార్థులు చేయదగిన పని ఏమి? మా మనవి చాల చిన్నది. వాగు ఒడ్డున, దున్నిన చేనులో, కొండవాలున చెక్కినట్లున్న రాయి కనిపించినచో దానిని జేబులో వేసికొని తెచ్చి బల్లపై అలంకారంగా పెట్టరాదు, ఎవరికో పదిరూపాయలకు ఇచ్చివేయరాదు. అది ఉన్న చోటును గుర్తుంచుకొని, తేదీతో సహా కాగితముపై వ్రాసి, ఛాయాచిత్రం తీసి, చరిత్ర అధ్యాపకులకుగాని పురావస్తు శాఖవారికిగాని తెలుపవలెను. కళాశాల పాలకవర్గమువారు ఒక గదిలో నంద్యాల పలకరాయి మొదలు బనగానపల్లె క్వార్ట్జైట్ వరకు మన ప్రాంతపు శిలల నమూనాలను, ప్రతి నమూనా ప్రక్క తెలుగులోను ఉర్దూలోను వ్రాసిన చీటీలతో అమర్చినచో, అది ఏ విగ్రహం కంటెను ఫుట్‌కు తగిన స్మారకచిహ్నం కాగలదు. దానికి అయ్యే వ్యయం స్వల్పం. కావలసినది ఒక బీరువా, కొంత ఓపిక.

ఉర్దూ విభాగపు మన మిత్రులు అమానత్ అను మాటను ఎరుగుదురు. పల్లెలలో తెలుగువారు కూడ అమానతు అని వాడెడివారు. ఒకరి సొత్తును మరొకరు నమ్మకముతో దాచి, అడిగిననాడు చెక్కుచెదరక అప్పగించుట అని దాని అర్థం. ఫుట్ పరాయి దేశమున పుట్టినవారు, పరాయి ప్రభుత్వ సేవలో వచ్చినవారు. అయినను మన నేలలో తాను ఏరిన రాళ్లను అమానతుగా భావించి, ఊరి పేరు చెరగకుండ, మనకే అప్పగించి వెళ్లారు. ఆ అమానతులో కొంత పోయినది, చాలవరకు మిగిలినది. మిగిలినదానిని, ఇంకను మన చేల క్రింద, గవుల చీకటిలో దాగియున్నదానిని కాపాడే వంతు ఇపుడు మనది. రాబోవు సెలవులలో బెలుం గుహలకు వెళ్లే విద్యార్థులు గుహద్వారమున ఒక్క నిమిషమాగి, ఆ రాతి పేరును, ఆ మనిషి పేరును స్మరింతురని ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.